నాలుగు వైపులూ కొలిచినా స్థలం ఎంతో తెలీదు: హోంవర్క్ లెక్కల ఎపిసోడ్

ఈ ఎపిసోడ్‌కి ఒక పెన్ను, ఒక తెల్ల కాగితం కావాలి. బస్సులో ఉంటే సేవ్ చేసుకుని ఇంటికెళ్లాక చూడండి. ఎవరో లెక్క చేస్తుంటే చూసి నేర్చుకోవడమంటే, ఒడ్డున కూర్చుని ఈత నేర్చుకోవడమే.

హోంవర్క్‌లో ఎక్కడ ఇరుక్కుపోయారో ఫొటో తీసి పంపమన్నాను కదా, చాలానే వచ్చాయి. ఎనిమిది, తొమ్మిది, పది క్లాసులవే ఎక్కువ. వాటిలోంచి మూడు తీసుకున్నా. మొదటిది మామూలు సమీకరణం. రెండోది వర్గ సమీకరణం. మూడోది పదో క్లాస్ చదివే ఒక చెల్లెలు పంపింది. అది టెక్స్ట్‌బుక్ లెక్క కాదు, వాళ్ల నాన్న కొందామనుకుంటున్న ప్లాటు లెక్క. అందులో ఏడు లక్షల రూపాయల తేడా దాగి ఉంది. డైరెక్ట్‌గా దానికే వెళ్లిపోవచ్చు, కానీ దాన్ని విప్పడానికి కావాల్సిన పనిముట్లు మొదటి రెండు లెక్కల్లో ఉన్నాయి. కాబట్టి స్కిప్ కొట్టకండి.

సరే, మొదటిది.

3(ఎక్స్ − 4) = 2ఎక్స్ + 5

పంపిన తమ్ముడు దీన్ని కరెక్ట్‌గానే చేశాడు. బ్రాకెట్ విప్పితే 3ఎక్స్ − 12 = 2ఎక్స్ + 5. మైనస్ 12 అటు వెళ్లి ప్లస్ 12 అయింది, 2ఎక్స్ ఇటు వచ్చి మైనస్ 2ఎక్స్ అయింది. ఎక్స్ = 17. బాగుంది. కానీ అదే పేజీలో కింద ఇంకో లెక్క ఉంది. అక్కడ 3ఎక్స్ = 12 దాకా వచ్చి, తర్వాతి లైన్‌లో ఎక్స్ = 12 − 3 = 9 అని రాశాడు. పక్కన టీచర్ ఎర్ర ఇంకుతో ఇంటూ కొట్టారు. తమ్ముడి డౌట్ ఏంటంటే, "అన్నా, అటు వెళ్తే గుర్తు మారాలి కదా, మార్చాను కదా, మరి తప్పెందుకు?"

నా దృష్టిలో ఇది మంచి డౌట్. తనకి చెప్పిన రూల్‌ని తను నిజాయితీగా పాటించాడు. "అవతలికి వెళ్తే గుర్తు మారుతుంది" అనే మాటని మనకి ఏదో టోల్‌గేట్ లాగా నేర్పిస్తారు. ఈక్వల్ గుర్తు దాటితే ఫీజు కట్టాలి, ఆ ఫీజు గుర్తు మారడం. నిజానికి అక్కడ ఏదీ ఎటూ వెళ్లదు.

పాత కూరగాయల తక్కెడ గుర్తు తెచ్చుకోండి, రెండు పళ్లేలున్నది. ఈక్వల్ గుర్తంటే ఆ ముల్లు నిటారుగా ఉందని చెప్పడం, అంతే. ఒక పళ్లెంలో ఏం చేసినా రెండో పళ్లెంలోనూ అదే చేస్తే ముల్లు కదలదు. 3ఎక్స్ − 12 = 2ఎక్స్ + 5 దగ్గర మనం చేసింది రెండు పళ్లేల్లోనూ 12 వేయడం. ఎడమ పక్కన మైనస్ 12, ప్లస్ 12 కొట్టుకుపోయాయి. కుడి పక్కన కొత్తగా 12 కనపడింది. చూసేవాడికి 12 నడుచుకుంటూ అటు వెళ్లి గుర్తు మార్చుకున్నట్టు ఉంటుంది.

మరి 3ఎక్స్ = 12 దగ్గర? ఎడమ పళ్లెంలో ఒకేలాంటి మూడు సంచులున్నాయి, కుడి పళ్లెంలో 12 కిలోలున్నాయి. మనకి ఒక సంచి బరువు కావాలి. రెండు వైపులా మూడో వంతు మాత్రమే ఉంచాలి. అంటే మూడుతో భాగించాలి. ఎక్స్ = 4. ఇక్కడ 3 తీసేస్తే సంచులు తగ్గవు, కిలోలు తగ్గుతాయి. ఎడమ పక్కన ఏమీ తీయకుండా కుడి పక్కన మూడు కిలోలు తీశాడు తమ్ముడు. ముల్లు వంగిపోయింది.

దీనికో సరదా వెనక కథ ఉంది. ఆల్‌జీబ్రా అనే పేరే ఈ పని నుంచి వచ్చింది. సుమారు 820 ప్రాంతంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ అనే ఆయన రాసిన పుస్తకం పేరులో "అల్ జబ్ర్" అని ఉంటుంది. లోటుగా ఉన్నదాన్ని రెండు వైపులా కలిపి పూడ్చడం అని దాని అర్థం. విరిగినదాన్ని తిరిగి సరిచేయడం అనే అర్థం కూడా ఉంది. స్పానిష్‌లో ఒకప్పుడు ఎముకలు కట్టేవాళ్లని ఆల్‌జెబ్రిస్తా అనేవాళ్లు. మన భాషలో చెప్పాలంటే, మైనస్ 12తో విరిగిన పక్షానికి పుత్తూరు కట్టు కట్టామన్నమాట. ఇంకోటి, ఆయన పేరు నుంచే అల్గారిథమ్ అనే మాట పుట్టింది. నేను నాలుగేళ్లు ఆ మాట మీదే జీతం తిన్నాను కాబట్టి ఆయనకి ఒక థాంక్స్.

కోడింగ్ నేర్చుకుంటున్నవాళ్లకి చిన్న జాగ్రత్త. పైథాన్‌లో ఎక్స్ = ఎక్స్ + 1 అని రాస్తాం, నడుస్తుంది. అక్కడ ఈక్వల్ అంటే "కుడి పక్కన వచ్చిన విలువని ఎడమ పక్క పేరులో పెట్టు" అని ఆర్డర్. లెక్కల నోట్‌బుక్‌లో అదే రాస్తే ఏ సంఖ్యకీ కుదరదు. ఒకే గుర్తు, రెండు అర్థాలు.

ఇక సరిచూసుకోవడం. ఎక్స్ దగ్గర 17 పెట్టండి. ఎడమ పక్క 3 × 13 = 39. కుడి పక్క 34 + 5 = 39. అయిపోయింది, ఆన్సర్ కోసం పుస్తకం చివరి పేజీ తిప్పక్కర్లేదు. ఆ తమ్ముడు 9ని కూడా ఇలాగే పెట్టి చూస్తే 27 = 12 అని వచ్చేది, టీచర్ కంటే ముందే తనకే తెలిసిపోయేది.

రెండోది. ఒక దీర్ఘచతురస్ర స్థలం పొడవు, వెడల్పు కంటే 10 అడుగులు ఎక్కువ. వైశాల్యం 1200 చదరపు అడుగులు. కొలతలెంత?

వెడల్పు ఎక్స్ అనుకుంటే పొడవు ఎక్స్ + 10. గుణిస్తే ఎక్స్² + 10ఎక్స్ = 1200. ఇక్కడిదాకా అందరూ వస్తారు. తర్వాత, గుణిస్తే మైనస్ 1200, కూడితే 10 వచ్చే రెండు సంఖ్యలు వెతకాలి. ఈ లెక్క పంపినతను అక్కడ ఇరవై నిమిషాలు వెతికానన్నాడు. 40, మైనస్ 30 తడితే సరే, తట్టకపోతే? అదృష్టం మీద ఆధారపడేదాన్ని పద్ధతి అనడం నాకు ఇష్టం ఉండదు. బొమ్మ గీద్దాం.

ఒక చదరం గీయండి, భుజం ఎక్స్. అది ఎక్స్². పక్కన 10 అడుగుల వెడల్పున్న పట్టీ ఉంది, అది 10ఎక్స్. ఆ పట్టీని నిలువునా రెండు ముక్కలు చేయండి, ఒక్కోటి 5 అడుగుల వెడల్పు. ఒక ముక్క చదరానికి కుడి పక్కన ఉంచండి, రెండోది తీసి చదరం కింద అతికించండి. ఇప్పుడు చూడండి, దాదాపు పెద్ద చదరం వచ్చేసింది, ఒక మూల మాత్రం చిరిగినట్టు ఖాళీగా ఉంది. ఆ ఖాళీ సైజు 5 × 5 = 25. దాన్ని పూడ్చితే పెద్ద చదరం వైశాల్యం 1200 + 25 = 1225. పెద్ద చదరం భుజం ఎక్స్ + 5. ఏ సంఖ్యని దానితోనే గుణిస్తే 1225 వస్తుంది? 35. కాబట్టి ఎక్స్ = 30. స్థలం 30 × 40.

ఇదే "వర్గం పూర్తి చేయడం". పేరు విని భయపడతారు గానీ చేసింది చిరిగిన మూలకి అతుకు వేయడమే. ఇందాకటి అల్ ఖ్వారిజ్మీ పుస్తకంలో కూడా ఇలా బొమ్మతోనే చేశారు, ఆయన లెక్కలోనూ 10ఎక్స్ ఉంది, కుడి పక్కన మాత్రం 39. ఆ లెక్కలో ఎక్స్ 3 వస్తుంది, మీరే చేసి చూడండి.

అదే బొమ్మని ఇంకోసారి చూడండి. (ఎక్స్ + 5)² అంటే ఎక్స్² + 25 మాత్రమే అని రాసేవాళ్లకి ఆ రెండు పట్టీలు కనపడట్లేదు. ఎక్స్², రెండు పట్టీలు కలిపి 10ఎక్స్, మూల 25. నాలుగు ముక్కలు. దీన్ని గుర్తుపెట్టుకోండి, మూడో లెక్కలో దీనితో పని ఉంది.

మైనస్ 35ని మైనస్ 35తో గుణించినా 1225 వస్తుంది కదా అని ఎవరో అడుగుతారు. వస్తుంది. అప్పుడు ఎక్స్ = −40. సమీకరణానికి అది కరెక్ట్ జవాబే. కానీ మైనస్ 40 అడుగుల వెడల్పున్న స్థలం ఎవరూ అమ్మరు. సమీకరణానికి మనం అడిగింది స్థలం గురించి అని తెలీదు, అది మనమే చూసుకోవాలి.

ఇప్పుడు మూడోది. మెసేజ్ ఇలా ఉంది: "అన్నా, మా నాన్న ఒక ప్లాట్ చూసిండు. నాలుగు దిక్కుల కొలతలు ఉన్నయి, మూలలు సక్కగ లేవు. ఏజెంట్ 273 గజాల పైన అంటుండు. హెరాన్ సూత్రం పెట్టి చూద్దామంటే నాకు వస్తలేదు." కింద ఏజెంట్ చేత్తో రాసిన కాగితం ఫొటో.

కాగితం మీద బొమ్మ ఉంది. మూలలకి ఏ, బి, సి, డి అని పేర్లు పెడదాం. ఏబి 30 అడుగులు, బిసి 40, సిడి 58, డిఏ 72. మీరూ గీసుకోండి, వంకరగా వచ్చినా పర్లేదు. దాని కింద లెక్క ఇలా వేశారు. ఎదురెదురు వైపులు కలిపి సగం: 30, 58 కలిపితే 88, సగం 44. 40, 72 కలిపితే 112, సగం 56. 44 × 56 = 2464 చదరపు అడుగులు. తొమ్మిదితో భాగిస్తే 273.78 గజాలు. గజం రేటు 15,000 రూపాయలు. మొత్తం 41 లక్షల 6 వేల పైచిలుకు.

ఇక్కడ ఒక చిన్న ఆగుడు. తొమ్మిదితో ఎందుకు భాగించారు, గజానికి మూడడుగులే కదా? పొడవు గజం మూడడుగులు. స్థలం గజం అంటే చదరపు గజం, మూడడుగులు పొడవు, మూడడుగులు వెడల్పు, లోపల తొమ్మిది గళ్లు. ఇది ఏజెంట్ కరెక్ట్‌గానే చేశారు. తప్పు పైన ఉంది.

చెల్లెలికి హెరాన్ సూత్రం ఎందుకు పనిచేయలేదు? ఎందుకంటే అది త్రిభుజానికి. మూడు వైపులు తెలిస్తే త్రిభుజం వైశాల్యం చెప్పేస్తుంది. నాలుగు వైపులు తెలిస్తే చతుర్భుజం వైశాల్యం చెప్పే సూత్రం లేదా అంటే, లేదు. ఇంకా ఎవరూ కనుక్కోలేదని కాదు, ఉండటానికే వీల్లేదు.

నమ్మకపోతే చీపురు పుల్లలు నాలుగు తీసుకోండి, సమానంగా విరిచి కొసలు దారంతో కట్టండి. ఒక్కోటి 40 అడుగులు అనుకుందాం. చదరంగా పెడితే 1600 చదరపు అడుగులు. ఇప్పుడు ఎదురు మూలలు పట్టుకుని మెల్లగా నొక్కండి. పుల్లల పొడవు మారలేదు, లోపలి జాగా తగ్గుతోంది. పూర్తిగా నొక్కితే నాలుగూ ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి, జాగా సున్నా. అవే నాలుగు కొలతలు, వైశాల్యం 1600 నుంచి సున్నా దాకా ఏదైనా కావచ్చు. మూడు పుల్లలతో కట్టి చూడండి, ఎంత నొక్కినా కదలదు. ఫ్లెక్సీ కట్టే చెక్క ఫ్రేమ్ వెనక ఐమూలగా ఒక కర్ర కొడతారు చూడండి, అది ఇందుకే. ఆ ఒక్క కర్ర నాలుగు మూలల ఫ్రేమ్‌ని రెండు త్రిభుజాలు చేస్తుంది, ఇక అది ఊగదు.

ఇది మనవాళ్లకి ఎప్పటినుంచో తెలుసు. ఎదురు వైపుల సగటులు గుణించే లెక్క చాలా పాతది, ఈజిప్టులో ఎడ్ఫు గుడి గోడల మీద పొలాల విస్తీర్ణాలు అలాగే వేసి చెక్కారు. మన దగ్గర 628లో బ్రహ్మగుప్తుడు దాన్ని చెప్పి, ఇది స్థూలంగా మాత్రమే అన్నాడు. మహావీరాచార్యుడి గణిత గ్రంథంలో వ్యావహారికం, సూక్ష్మం అని రెండు రకాల లెక్కలూ విడివిడిగా ఉంటాయి. తెలుగులో తొలి గణిత గ్రంథంగా చెప్పుకునే పావులూరి మల్లన పుస్తకం దానికి తెలుగు రూపమే. ఇక 1150లో లీలావతి రాసిన భాస్కరుడైతే, ఐమూలో, ఎత్తో చెప్పకుండా చతుర్భుజం వైశాల్యం అడిగేవాడిని పిశాచంతో పోల్చాడు, జవాబు చెప్పేవాడిని ఇంకా ఎక్కువ తిట్టాడు. ఆ కాలంలో కామెంట్ సెక్షన్ లేదు గానీ, ఉంటే ఆయన బాగా ఆడుకునేవాడు.

కాబట్టి చెల్లెలికి నా మొదటి రిప్లై: "ఐమూల కొలిచారా?" కొలవలేదంది. సరే, అది వచ్చేలోపు ఉన్న నాలుగు కొలతలతోనే ఏజెంట్ లెక్క ఎంతవరకు నిజమో చూద్దాం.

త్రిభుజంలో రెండు భుజాలు పట్టుకోండి, 30, 40 అనుకోండి. వాటి మధ్య కోణం మీ ఇష్టం. 40ని నేల మీద పరిచి 30ని నిచ్చెన లాగా లేపండి. 30 అడుగుల నిచ్చెన ఎలా నిలబెట్టినా 30 అడుగుల కంటే ఎత్తుకు చేరదు, నిటారుగా పెడితేనే 30. వైశాల్యం అంటే భూమి ఇంటూ ఎత్తులో సగం కాబట్టి, ఈ త్రిభుజం 600 దాటదు. ఏ రెండు భుజాలకైనా ఇదే: వాటిని గుణించి సగం చేస్తే అది సీలింగ్.

ఇప్పుడు ప్లాటుని ఏ నుంచి సి దాకా కోయండి. రెండు త్రిభుజాలు. ఒకదానిలో 30, 40 ఉన్నాయి, సీలింగ్ 600. రెండోదానిలో 58, 72 ఉన్నాయి, సీలింగ్ 2088. మొత్తం 2688 దాటదు. ఇంకోలా, బి నుంచి డి దాకా కోయండి. ఒకదానిలో 40, 58, సీలింగ్ 1160. ఇంకోదానిలో 72, 30, సీలింగ్ 1080. మొత్తం 2240 దాటదు.

ఆగండి. ఇక్కడే విషయం బయటపడిపోయింది. స్థలం ఒకటే, ఎలా కోసినా అదే స్థలం. 2240 దాటదని ఇప్పుడే తేలింది. ఏజెంట్ కాగితం మీద 2464 ఉంది. ఐమూల కొలవకుండానే, సైటుకి కూడా వెళ్లకుండా, ఆ నంబర్ అసాధ్యం అని చెప్పేయొచ్చు. 2240 అంటే 248.9 గజాలు. కనీసం 25 గజాలు గాల్లో ఉన్నాయి.

ఇంకో తమాషా. 2688, 2240 సగటు ఎంత? 2464. సరిగ్గా ఏజెంట్ నంబరే! అది కాకతాళీయం కాదు. సగటుల గుణకారాన్ని రెండో లెక్కలోని పట్టీల లాగా విప్పండి: (30 + 58) × (40 + 72) అంటే 30 × 40, 30 × 72, 58 × 40, 58 × 72, నాలుగు ముక్కలు. కూడి నాలుగుతో భాగిస్తే అదే. మన రెండు సీలింగుల సగటూ ఆ నాలుగు ముక్కలే. అంటే ఈ "సగటు లెక్క" నిజానికి రెండు గరిష్ఠాల సగటు. అందుకే అది ఎప్పుడూ అసలు కంటే తక్కువ చూపించదు. నాలుగు మూలలూ 90 డిగ్రీలుంటే కరెక్ట్, ఏ మాత్రం వంకర ఉన్నా ఎక్కువే చూపిస్తుంది. ఒకసారి కొనేవాడికి, ఒకసారి అమ్మేవాడికి లాభం వచ్చే పొరపాటు కాదిది, ఎప్పుడూ గజాలకి డబ్బు కట్టేవాడికే నష్టం.

మర్నాడు చెల్లెలు, వాళ్ల తమ్ముడు టేపు పట్టుకుని వెళ్లి ఏ నుంచి సి దాకా కొలిచారు. 50 అడుగులు. టేపు నేలకి తగలకుండా గట్టిగా లాగి పట్టుకోమని చెప్పాను, వదులుగా ఉంటే అంగుళాలు పెరుగుతాయి.

30, 40, 50. వెంటనే తెలిసిపోవాలి. 900 + 1600 = 2500. బి దగ్గర మూల లంబకోణం. మేస్త్రీలు మూలమట్టం లేకపోతే గోడ మూల దగ్గర ఒక పక్క మూడడుగులు, ఇంకో పక్క నాలుగడుగులు గుర్తు పెట్టి, ఐమూల ఐదొచ్చిందా లేదా చూస్తారు, అదే ఇది. కాబట్టి మొదటి త్రిభుజం సరిగ్గా 600.

రెండో త్రిభుజం భుజాలు 50, 58, 72. హెరాన్ సూత్రం: చుట్టుకొలతలో సగం 90. 90లోంచి ఒక్కో భుజం తీస్తే 40, 32, 18. 90 × 40 × 32 × 18కి వర్గమూలం. దయచేసి ఇవన్నీ గుణించి ఆ తర్వాత వర్గమూలం వెతక్కండి. జంటలుగా చూడండి: 90 × 40 = 3600, వర్గమూలం 60. 32 × 18 = 576, వర్గమూలం 24. 60 × 24 = 1440.

ఈ సూత్రాన్ని గుడ్డిగా నమ్మడం ఇష్టం లేనివాళ్లకి ఇంకో దారి, నాకు ఇదే ఇష్టం. 72 భుజాన్ని నేల మీద పరచండి. సి నుంచి దాని మీదకి నిట్టనిలువుగా దారం వదలండి, అదే ఎత్తు. దారం తగిలిన చోటు ఏ నుంచి ఎక్స్ దూరంలో ఉందనుకోండి, అటు పక్క 72 − ఎక్స్ మిగులుతుంది. రెండు లంబకోణ త్రిభుజాలు, మధ్యలో ఎత్తు ఉమ్మడి. ఎత్తు వర్గాన్ని రెండు వైపుల నుంచి రాస్తే:

2500 − ఎక్స్² = 3364 − (72 − ఎక్స్)²

50 × 50 = 2500, 58 × 58 = 3364. బ్రాకెట్ విప్పితే 5184 − 144ఎక్స్ + ఎక్స్². దాని ముందు మైనస్ ఉంది, లోపలి మూడు గుర్తులూ తిరగబడాలి, ఇక్కడే సగం మంది జారతారు.

2500 − ఎక్స్² = 3364 − 5184 + 144ఎక్స్ − ఎక్స్²

భయంకరంగా ఉంది కదా. రెండు పళ్లేల్లోనూ ఎక్స్² వేయండి. రెండు చోట్లా మాయం. మిగిలింది 2500 = −1820 + 144ఎక్స్. రెండు వైపులా 1820 వేస్తే 4320 = 144ఎక్స్. ఎక్స్ = 30. మొదటి లెక్క లాంటి సమీకరణమే ఇక్కడ కూర్చుని ఉంది. ఎత్తు వర్గం 2500 − 900 = 1600, ఎత్తు 40. సగం × 72 × 40 = 1440. రెండు దారులూ ఒకే చోట కలిశాయి. 50, 58, 72ల బదులు అక్షరాలు పెట్టి ఇదే చేస్తే చివరికి హెరాన్ సూత్రం బయటికొస్తుంది.

మొత్తం 600 + 1440 = 2040 చదరపు అడుగులు. 226.67 గజాలు. గజం 15,000 లెక్కన సరిగ్గా 34 లక్షలు. ఏజెంట్ కాగితం మీదున్నది 41 లక్షల 6 వేల 667. తేడా 7 లక్షల 6 వేల 667 రూపాయలు. గజాల్లో 47.11. ఆంధ్రా వైపు వాళ్లకి సెంట్లలో చెప్తే, సెంటుకి 48.4 గజాలు కాబట్టి, దాదాపు ఒక సెంటు. గుంటల్లో లెక్కేసేవాళ్లకి, గుంట 121 గజాలు, మీరే వేసుకోండి.

నేను ఆ ఏజెంట్ మోసం చేశాడని అనట్లేదు. చెల్లెలి నాన్న వెళ్లి అడిగితే "మేమంతా ఇట్లనే కొలుస్తం" అన్నాడట, అది నిజమే అయ్యుండొచ్చు. పెద్దవాళ్లు నేర్పారు, ఈయన పాటిస్తున్నాడు, అటు వెళ్తే గుర్తు మారుతుందని తమ్ముడు పాటించినట్టే. కానీ తేడా ఉంది, తమ్ముడికి పోయింది ఒక మార్కు. రిజిస్ట్రేషన్ దస్తావేజులో షెడ్యూల్ అని ఉంటుంది, విస్తీర్ణం, నాలుగు హద్దులు అందులో రాస్తారు. అక్కడ తప్పు నంబర్ పడ్డాక సరిచేయించుకోవడం చాలా తిప్పలు. సంతకానికి ముందే లైసెన్స్ ఉన్న సర్వేయర్‌తో కొలిపించుకోమని చెప్పాను. మన లెక్క సర్వేయర్ రిపోర్టుకి బదులు కాదు, రిపోర్టు చేతికొచ్చినప్పుడు చదివి అర్థం చేసుకోవడానికి. నేను ఈ ఎపిసోడ్ రికార్డ్ చేసేటప్పటికి బేరం ఇంకా నడుస్తోంది. అడ్వాన్స్ ఇవ్వలేదు, అది మంచిదైంది.

"అన్నా, ఫోన్‌లో ఏరియా కొలిచే యాప్ ఉంది కదా, చుట్టూ నడిస్తే చాలు" అని మీలో చాలామంది అంటారు. ఎకరాల పొలానికి సుమారుగా చూసుకోవడానికి పర్లేదు. ఇంటి ప్లాటుకి వద్దు. ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా కొన్ని మీటర్లు అటూ ఇటూ పోతుంది, 30 అడుగుల వైపంటే మొత్తం తొమ్మిది మీటర్లే. ఫోన్‌ని కాలిక్యులేటర్‌గా వాడండి, కొలవడానికి టేపే వాడండి. కుదిరితే రెండో ఐమూల కూడా కొలవండి. ఈ ప్లాటులో బి నుంచి డి దాకా 85 అడుగుల 5 అంగుళాల దగ్గర రావాలి. అడుగులు తేడా వస్తే ఏదో ఒక కొలత తప్పు పడిందని అర్థం. 1802లో మద్రాసు దగ్గర మొదలైన పెద్ద సర్వేలో దేశం మొత్తాన్ని త్రిభుజాలుగా విడగొట్టుకుంటూ పోయింది కూడా ఇందుకే, త్రిభుజం ఊగదు, పైగా తనని తాను సరిచూసుకోనిస్తుంది.

ఇక మీకు హోంవర్క్. ఒక చిన్న షాపు జాగా. ఏబి 20 అడుగులు, బిసి 15, సిడి 17, డిఏ 28. ఏ నుంచి సి ఐమూల 25. ముందు సగటు లెక్క వేయండి, తర్వాత రెండు సీలింగులు చూడండి, చివరగా అసలు వైశాల్యం కట్టండి. రెండో త్రిభుజానికి హెరాన్‌తో ఒకసారి, ఎత్తు పద్ధతిలో ఒకసారి చేసి రెండూ కలిశాయో లేదో చూసి, కాగితం ఫొటో పంపండి. ఆన్సర్ ఒక్కటే టైప్ చేసి పంపితే చూడను, లైన్లు కావాలి. గజాల్లోకి మారిస్తే పాయింట్ల గొడవ లేకుండా పూర్తి సంఖ్య వస్తుంది. భాగించాల్సింది తొమ్మిదితో, మూడుతో కాదు, అది ఒకసారి చూసుకోండి.